కథీడ్రల్ చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

అమ్మాయ్,

స్వర్ణోత్సవాలకి ఏలూరు కథీడ్రల్ చరిత్ర రాసే పని నీ నెత్తిన పెట్టారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వు అప్పుడే లాప్‌టాప్ ముందు కూర్చుని మొదటి లైన్లో ‘1976’ అని కొట్టేశావట కూడా. కాస్త ఆగు తల్లీ.

1976 డిసెంబరు 9 ఏలూరు పీఠం, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం, దాని పుట్టినరోజు. విజయవాడ పీఠం నుంచి విడదీసి ఏర్పాటు చేశారు. ఆ విజయవాడ మళ్ళీ 1933లో హైదరాబాదు నుంచి విడిపోయి, 1937లో పీఠమైంది. మొదటి మేత్రాణులు, అంటే బిషప్, ములగాడ జాన్ గారు. బిషప్ గారి ఆసనాన్ని లాటిన్లో కతెద్రా అంటారు. ఆ ఆసనం ఉంది కాబట్టే అమలోద్భవి మాత గుడి కథీడ్రల్ అయింది. ఇంతవరకూ ఒక పేరాలో అయిపోతుంది, ఇది ఎవరైనా రాస్తారు. అప్పటికే ఆ గుళ్ళో మోకాళ్ళ మీద ఉన్న జనం ఎక్కణ్ణుంచి వచ్చారో నువ్వు రాయాలి.

నేనొకసారి ఇందులో బోల్తా పడ్డాను. మా ఊరి గుడికి సావనీరు వేశాం, రాసింది నేనే. గుమ్మం పక్క గోడకి పాలరాతి పలక ఉంటే, దానిమీద ఉన్న సంవత్సరాన్నే స్థాపన సంవత్సరమని అచ్చేయించాను. పండుగనాడు పుస్తకం పంచుతుంటే ఒక ముసలమ్మ మనవడి చేత చదివించుకుని, అందరి ముందూ అడిగింది: “అయితే మా నాయనకి స్నానం ఎక్కడిచ్చార్రా, కాలవలోనా?” నోట మాట రాలేదు. తర్వాత రిజిస్టరు తీసి చూస్తే పలక మీద తేదీకి పదకొండేళ్ళ ముందు నుంచే జ్ఞానస్నానాలు, అంటే బాప్తిస్మాలు, ఉన్నాయి. ఆ పలక పెంకులు తీసి స్లాబు వేసినప్పటిది. అందుకని, పునాదిరాయి వేసిన రోజు, గుడిని ఆశీర్వదించిన రోజు, విచారణ (పారిష్) ఏర్పడిన రోజు, కథీడ్రల్ అయిన రోజు, వీటికి నాలుగు వేరు వేరు కాగితాలు పెట్టుకో. కలిపేశావా, నీకూ ఒక ముసలమ్మ తగులుతుంది.

నీ అసలు పుస్తకం జ్ఞానస్నానాల రిజిస్టరే. విచారణ గురువుల్ని అడిగి, ఆఫీసులోనే కూర్చుని చూడు, ఇంటికి తేవద్దు. పెన్ను వద్దు, పెన్సిల్ చాలు. పాత పుస్తకాల్లో రాత లాటిన్లో ఉంటుంది. కంగారుపడకు, అవే పదిహేను మాటలు తిరుగుతాయి: పుట్టిన రోజు, స్నానం ఇచ్చిన రోజు, తల్లి, తండ్రి, ఊరు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, ఇచ్చిన స్వామివారి, అంటే ఫాదరు గారి, సంతకం. పక్కన మార్జిన్లో వేరే సిరాతో సన్నగా ఒక ముక్క కనబడుతుంది, దాన్ని వదలకు. పెళ్ళి ఎక్కడ జరిగినా ఆ కబురు జ్ఞానస్నానం ఇచ్చిన విచారణకి రావాలి, ఆ పేరు పక్కనే ఎక్కించాలి. మన ఆడపిల్లలు ఏ ఊళ్ళకి కోడళ్ళుగా వెళ్ళారో ఆ మార్జిన్లు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పరు.

పేర్ల దగ్గర ఇంకో తమాషా ఉంది. స్వామివారు ‘పేత్రుస్’ అని రాస్తారు, ఇంట్లో పిలిచేది రాయప్ప. ‘పౌలుస్’ అంటే చిన్నప్ప. ‘ఇగ్నాసియుస్’ అంటే మన ఇన్నయ్య. ‘షవేరియుస్’ అంటే శౌరి, అంటే శౌరయ్యలూ శౌరమ్మలూ బాలశౌరిలూ అందరూ గోవాలో ఉన్న ఆ పునీతుడు ఫ్రాన్సిస్ జేవియర్ పేరువాళ్ళే. రాయప్ప, చిన్నప్ప అనడం అరవదేశంలోని కతోలికుల వాడుక. 18వ శతాబ్దంలో జెస్విట్ (యేసు సభ) గురువులు కర్ణాటక మిషన్ పేరుతో అటునుంచి తెలుగునాట తిరిగారు కదా, ఆ పేర్లు వాళ్ళతో వచ్చినవే. 1773లో పోపుగారు ఆ సభనే రద్దు చేస్తే గురువులు కరువయ్యారు, పేర్లు మాత్రం ఇళ్ళల్లో నిలిచాయి. ఒక ఇంట్లో రాయప్ప, చిన్నప్ప తరతరాలుగా ఉన్నారంటే ఆ కుటుంబం ఏ ఊరినుంచి డెల్టాకి వచ్చిందో తప్పక అడుగు.

మిషనరీల దగ్గర జాగ్రత్త. విశాఖపట్నానికి 1846లో వచ్చిన ఫ్రాన్సిస్ ది సాలెస్ సభవాళ్ళని అందరూ ‘ఫ్రెంచి ఫాదర్లు’ అనేస్తారు. వాళ్ళ ఊరు ఆనెసీ. అది సావోయ్ సీమలోది, వాళ్ళు వచ్చేనాటికి ఫ్రాన్సులోనే లేదు, 1860లో కలిసింది. 1855లో హైదరాబాదు వైపు వచ్చినవాళ్ళు మిలాన్ మిషనరీలు, వాళ్ళు ఇటలీవాళ్ళు. యానాం గుడి సంగతి మళ్ళీ వేరు, అక్కడ అప్పట్లో పరిపాలనే ఫ్రెంచివాళ్ళది. 1836లో మన దేశానికి వచ్చి నరసాపురం వైపు పనిచేసిన బౌడన్, బీర్ దొరల గోదావరి డెల్టా మిషన్ ప్రొటెస్టెంట్లది, మనది కాదు. రాజమండ్రి లూథరన్లూ కాదు. మనవాళ్ళు ‘ఆర్‌సీఎం’ (రోమన్ కాథలిక్ మిషన్) అని విడిగా చెప్పుకోవడం ఇందుకే. వాళ్ళని తక్కువ చేసి ఒక్క మాట రాయకు. మన చుట్టాల్లో సగం మంది వాళ్ళే.

ఫాదర్ల జాబితా, ఫోటోలతో సహా, వెనక అనుబంధంలో వెయ్యి. ముందు ఉపదేశుల గురించి రాయి. మా నాన్న ఉపదేశి కాబట్టి అంటున్నానని అనుకుంటావేమో, అనుకో. ఫాదరు నెలకోసారి వస్తే గొప్ప. మిగతా రోజులన్నీ సాయంత్రం జపాలు చెప్పించి, పిల్లలకి జ్ఞానోపదేశం నేర్పి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి తనే స్నానమిచ్చి, శవం లేస్తే ముందు నడిచింది ఉపదేశి. గుడి రికార్డుల్లో ఆయన జీతం తప్ప పేరు కనబడదు. కాలవగట్ల మీద ఊళ్ళు తిరిగి వాళ్ళ పిల్లల్ని, మనవల్ని పట్టుకో.

ముసలివాళ్ళని “ఏ సంవత్సరం?” అని అడగొద్దు, మర్యాదకి ఏదో ఒకటి చెప్పేస్తారు. “86 వరదకి ముందా తర్వాతా?”, “96 తుఫానప్పుడు గుళ్ళో ఎవరెవరు తలదాచుకున్నారు?” అని అడుగు. పూజ లాటిన్లో ఉన్న రోజుల గురించి అడుగు. రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 65 దాకా జరిగింది, ఆ తర్వాతే మనకి పూజ తెలుగులో వచ్చింది. నేను పూజలో స్వామివారికి సాయపడే పీఠం పిల్లాడిగా ‘ఎత్ కుం స్పిరితు తువో’ అని అర్థం తెలియకుండానే అరిచేవాణ్ణి. స్వామివారి వీపే మాకు కనబడేది. వెనక మా నాయనమ్మ పూజ జరిగినంతసేపూ జపమాల తిప్పుకునేది. తెలుగులో మొదటి పూజ అయ్యాక, “అన్నీ అర్థమైపోతున్నాయిరా, ఇదేం పూజ?” అంది. ఇలాంటివి రాయి. గుళ్ళో ఎవరు ఏ వైపు కూర్చునేవారో, ఎందుకో కూడా అడుగు. జవాబుకి ముందు కాసేపు మౌనం ఉంటుంది, నువ్వు మధ్యలో మాట్లాడకు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. రిజిస్టర్లో కనబడిందంతా అచ్చుకి ఎక్కేది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితులకి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీలో పెట్టారు. అందుకని గుళ్ళో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉన్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ చరిత్ర రాయాల్సిందే, దాచకు. కానీ బతికున్నవాళ్ళ పేరూ ఊరూ పెట్టి రాస్తే వాళ్ళ ఉద్యోగాలకే ఎసరు. తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్న పిల్లల సంగతీ అంతే, చూసి పేజీ తిప్పెయ్.

ఫోటోలు ఎవరిచ్చినా తీసుకోకు, వాళ్ళ ఇంట్లోనే, అరుగు మీద వెలుతుర్లో ఫోన్‌తో తీసుకో. సావనీరు అప్పుడు ఒకావిడ పెళ్ళిఫోటో ప్రెస్సుకిచ్చాను, తిరిగి రాలేదు. ఆవిడ పోయేదాకా కనబడినప్పుడల్లా “దొరికిందా బాబూ?” అనేది.

నవంబరు 2న సమాధుల పండుగకి మా ఊరు రా. సాయంత్రం ప్రతి సమాధి దగ్గరా కొవ్వొత్తి పట్టుకుని ఇంటిల్లిపాదీ నిలబడి ఉంటారు, ఎవరు ఎవరి మనిషో అడక్కుండానే తెలుస్తుంది. సున్నం కింద అక్షరాలు మూసుకుపోయినవి ఉంటాయి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొడితే చదవొచ్చు. నన్ను కాలవలోనా అని అడిగినావిడ కూతురు ఇక్కడే ఉంది, నీ గురించి చెప్పి ఉంచాను. మధ్యాహ్నం అయితే ఆవిడ నిద్రపోతుంది. పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరు.

మీ మావయ్య