తుపాకీ దెబ్బ తగిలితే డాక్టర్లు ముందు గుండు తీస్తారా, రక్తనాళం కుడతారా?

ఇది సినిమాలు చూసి అడిగిన ప్రశ్నే. పటకారుతో గుండు లాగి స్టీలు గిన్నెలో టంగుమని పడేస్తే రోగి కళ్లు తెరిచేస్తాడు! విజయనగరంలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని, నా మాట నమ్మండి. గుండు ఆఖరి సంగతి. చాలాసార్లు దాని జోలికే పోరు.

ఒకసారి సాలూరు వైపు కొండ ఊరి నుంచి ఒకతన్ని తెచ్చారు. అడవిపంది వేటలో పక్కవాడి నాటు తుపాకీ పేలి మోకాలి వెనక తగిలింది. అందులో దట్టించేవి సైకిల్ బాల్సు, మేకు ముక్కలు. గాయం చిన్నదే. కాఫీ పొడి కూరి తువ్వాలు చుట్టారు. రక్తం పెద్దగా కారడం లేదని ఇంటివాళ్లు ధైర్యంగానే ఉన్నారు. మా సర్జన్ గారు మాత్రం గాయాన్ని వదిలేసి పాదం పట్టుకు చూశారు. పాలిపోయి, చల్లగా ఉంది. నాడి లేదు. వేళ్లు కదపమంటే కదపలేకపోయాడు. "స్కాన్లూ గీన్లూ వద్దు, థియేటర్లోకి తోయండి" అన్నారు.

లోపల కూడా ముందు గాయాన్ని కదపలేదు. దానికి ఎగువన, దిగువన ధమనిని బయటికి తీసి టేపులు వేసి పట్టు దొరికించుకున్నాకే చెయ్యి పెట్టారు. లేకపోతే లోపలి నెత్తుటి గడ్డ కదిలిన క్షణాన రక్తం చిమ్ముతుంది. చివర బెలూన్ ఉండే ఫోగార్టీ గొట్టం దూర్చి లాగితే గడ్డకట్టిన రక్తం నల్లగా, జలగలా జారి వచ్చింది. తెగిన కొసల మధ్య తాత్కాలికంగా షంటు అనే చిన్న గొట్టం పెట్టారు, కుట్టేలోపు పాదానికి రక్తం అందాలి కదా. రెండో కాలి నుంచి సిర తీసి, తిరగేసి అతికారు. సిరలో కవాటాలు ఒకవైపే తెరుచుకుంటాయి, తిప్పకపోతే రక్తం ముందుకు పోదు. ఆఖర్న పిక్కని రెండు పక్కలా నిలువునా కోసి తెరిచి ఉంచారు. రక్తం తిరిగి పారాక కండ ఉబ్బి, లోపలి ఒత్తిడికి మళ్లీ చచ్చిపోకుండా.

తెల్లారి బయటికొస్తే వాళ్లన్న ఎదురొచ్చాడు. "గుండు తీసీసినారా సిస్టరమ్మా?" కాలు దక్కింది బాబూ అంటే, "అది సరే, మరి గుండో?"

కాలు దక్కడం చిన్న విషయమా? రెండో ప్రపంచ యుద్ధంలో తెగిన ధమనికి చాలావరకు ముడేసి వదిలేసేవారు. అలా ముడేసినవాళ్లలో దాదాపు సగం మందికి కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చిందని అమెరికన్ సర్జన్లు డిబేకీ, సిమియోన్ 1946లో లెక్క రాశారు. కొరియా యుద్ధంలో కుట్టడం మొదలెట్టాక అది 13 శాతానికి దిగింది.

నా కోపమల్లా వేరే. రక్తం అందని కండకి సుమారు 6 గంటలే గడువు. అందులో సగం మనవాళ్లు కాగితాలకే తగలేస్తారు. ఇతన్ని మొదట చూసిన ప్రైవేటు ఆస్పత్రి "పోలీసు కేసు, మేం ముట్టుకోం" అని పంపేసింది. ముందు వైద్యం, తర్వాతే లాంఛనాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఎవరికి పట్టింది! మీరైతే కాఫీ పొళ్లూ పసుపులూ మానేసి, శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా నొక్కి పట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే గాయానికి పైన బిగించి కట్టి, కట్టిన టైము చీటీ మీద రాసి పంపండి.

చేతికి దొరికిన రెండు బాల్సు సీలు వేసి పోలీసులకిచ్చాం. మిగిలినవి లోపలున్నా ఫరవాలేదని ఎక్స్‌రే పెట్టి చూపించినా ఆ అన్న వినలేదు. విశాఖ తీసుకెళ్లి తీయించేస్తానని డిశ్చార్జి రోజు దాకా ఒకటే గొడవ.