కొత్త రైఫిల్ గురించి ముందు కాగితాన్ని అడగండి

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, శెనక్కాయ, కంది పెడతాం. అడవి పందులు రాత్రికి రాత్రి చేను మొత్తం తవ్వి పోతున్నాయి. మా నాయనకు డెబ్బై దాటినాయని లైసెన్స్ నా పేరు మీదికి మార్పించుకున్నాం, పాత తుపాకి ఇచ్చేసి కొత్త పాయింట్ 315 బోల్ట్ యాక్షన్ రైఫిల్ తీసుకున్నా. స్నేహితులేమో చేన్లోనే నాలుగు రౌండ్లు పేల్చి చూస్కో చాలు అంటున్నారు. టెస్ట్ ఎట్ల చేయాల, ఏ తూటా కొనాల చెప్పండి.

జవాబు: చేన్లో మాత్రం వద్దు తమ్ముడూ, మిగతా అన్నిటికన్నా ముందు ఈ మాట చెప్పాల. ఆ గుండు గురి తప్పితే అక్కడే పడిపోదు, కిలోమీటర్లు పోతుంది, మన దిక్కు నేల చూస్తే చదునుగా ఉంటుంది, అడ్డం ఆపే మట్టి కట్ట ఏమీ ఉండదు, పైగా నేల నిండా రాళ్లు, రాయికి తగిలిన గుండు ఏ దిక్కుకు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. రాత్రిపూట బోరు కాడ మోటార్ ఆన్ చేయడానికి పోయినోళ్లు ఉంటారు, గొర్రెల మంద కాడ పడుకున్నోళ్లు ఉంటారు. కాబట్టి వెనకాల ఎత్తయిన మట్టి కట్ట ఉన్న అనుమతి ఉన్న రేంజ్‌లోనే కాల్చు. పోలీస్ ఫైరింగ్ రేంజ్‌లో అనుమతి ఇస్తారేమో ఎస్పీ ఆఫీసులో అడుగు, లేదా రైఫిల్ అసోసియేషన్ వాళ్ల ద్వారా ప్రయత్నించు. కొంచెం తిరగాల్సి వస్తుంది, అయినా తిరుగు.

రేంజ్‌కి పోయే ముందు ఇంట్లో పని ఉంది. కొత్త తుపాకి లోపల తుప్పు పట్టకుండా గ్రీజు పూసి పంపిస్తారు, అది బ్యారెల్‌లో, చాంబర్‌లో (తూటా కూర్చునే చోటు) అట్లే ఉంటే కాల్చకూడదు, బోల్ట్ (చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసే కడ్డీ) తీసేసి రాడ్‌కి గుడ్డ కట్టి తెల్లగుడ్డ తెల్లగానే బయటికొచ్చేదాకా తుడవాల. కట్టె భాగం పట్టే స్క్రూలు గట్టిగా ఉన్నాయో లేదో చూడు, వదులుగా ఉంటే ఒక్కో గుండు ఒక్కో చోట పడుతుంది, నువ్వేమో తూటాని తిట్టుకుంటావు. ఇంకోటి, ఈ 315 తూటాకి అడుగున అంచు బయటికి ఉంటుంది కదా, మ్యాగజైన్‌లో పెట్టేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండాల, వెనక పడిందా బోల్ట్ తోసినప్పుడు రెండూ పట్టుకుని ఇరుక్కుంటాయి. చాలామంది దీన్నే తుపాకి లోపం అనుకుని డీలర్ దగ్గరికి పరిగెత్తుతారు.

ఇప్పుడు రేంజ్. చెవులకు మఫ్, కళ్లకు అద్దాలు లేకుండా కూర్చోవద్దు. టేబుల్ మీద ఇసుక సంచులు పెట్టి తుపాకి ముందు కట్టె భాగాన్ని సంచి మీద ఆనించు, బ్యారెల్‌ని ఆనించొద్దు, బ్యారెల్ దేనికైనా తగిలి ఉంటే గుండు పడే చోటు మారిపోతుంది. మొదట 25 మీటర్ల దగ్గర పెద్ద కాగితం కట్టి మూడు రౌండ్లు ఒకే చోటికి గురి పెట్టి కాల్చు. మొదటిది పక్కకు పోయిందని రెండోదానికి గురి మార్చొద్దు, అట్ల మారిస్తే కాగితం నీకేమీ చెప్పదు. మూడు ఒక దగ్గర పడినాయా, ఎక్కడ పడినా సరే తుపాకి బాగుందని అర్థం, సైట్ (గురి చూసే ముక్క) సరిచేసుకుంటే అయిపోతుంది. మూడు మూడు దిక్కుల పడితే మాత్రం సైట్ ముట్టుకోవద్దు, ముందు స్క్రూలు, తర్వాత నీ భుజం, ఆ తర్వాత తూటా, ఆ వరసలో అనుమానించు.

నీ భుజం అని ఎందుకంటున్నానంటే ఆ రైఫిల్ దెబ్బ గట్టిగానే ఉంటుంది, కొత్తవాళ్లు శబ్దం రాకముందే కళ్లు మూసి ట్రిగ్గర్ గుంజుతారు. తెలిసినోళ్లతో లోడ్ చేయించుకో, మధ్యలో ఒకసారి నీకు తెలీకుండా వాళ్లు ఖాళీ చాంబర్‌తో ఇస్తారు, క్లిక్ మన్నప్పుడు తుపాకి మూతి కిందికి దూకిందంటే తప్పు నీ దగ్గరుంది. ఇది తూటా ఖర్చు లేని పరీక్ష, ఎన్నిసార్లైనా చేయొచ్చు.

సైట్ లెక్క చూడు. ముందు సైట్‌కి వెనక సైట్‌కి మధ్య దూరం అర మీటరు అనుకుంటే, ముందు సైట్ ఒక్క మిల్లీమీటర్ కదిలితే 50 మీటర్ల దగ్గర గుండు 10 సెంటీమీటర్లు జరుగుతుంది. అందుకే సుత్తి తీసుకుని నువ్వే కొట్టుకోవద్దు, ఆర్మరర్‌తో (తుపాకులు బాగుచేసేవాడితో) చేయించుకో. ముందు సైట్‌ని గుండ్లు ఏ పక్క పోతున్నాయో అదే పక్కకు జరపాల, వెనక సైట్ అయితే గుండు ఏ పక్కకు రావాలో ఆ పక్కకు. ఇది తిరగేసి చేసి మరీ దూరం పోగొట్టుకునేవాళ్లు చాలామందే.

తూటా సంగతి. 315లో మనకి పెద్ద ఛాయిస్ లేదు, ఎక్కువగా దొరికేది ఖడ్కీ ఫ్యాక్టరీది, అడుగున కేఎఫ్ అని ముద్ర ఉంటుంది. నీ లైసెన్స్ బుక్కులో ఒకేసారి ఎన్ని పెట్టుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు అని రాసుంటుంది, ఆ లెక్కలోనే టెస్టూ జరగాల, వాడకమూ జరగాల. అందుకే కొనేటప్పుడు డబ్బాల మీద లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన వాటికి వేసే నంబర్) చూసి అన్నీ ఒకే లాట్‌వి అడుగు. లాట్ మారితే తూటాలోని మందు కొంచెం తేడా ఉంటుంది, గుండు పడే చోటూ మారొచ్చు, నువ్వు పొయిన ఏడాది సరిచేసిన సైట్ ఈ ఏడాది అబద్ధం చెప్తుంది. సొట్టలు, పచ్చ చిలుము ఉన్నవి తీసుకోవద్దు. తూటాలకి నూనె పూయొద్దు, చాంబర్ జిడ్డుగా ఉంటే బోల్ట్ మీద పడే ఒత్తిడి పెరుగుతుంది. ఎవరైనా త్రీ నాట్ త్రీ రౌండ్లు ఉన్నాయి పట్టుకుపో అంటే దగ్గరికి కూడా పోవద్దు, అది నిషేధిత బోర్ (మామూలు లైసెన్స్ మీద ఇవ్వని సైజు), నీ చాంబర్‌కి సరిపడేదీ కాదు.

పేలకపోతే బోల్ట్ వెంటనే తెరవొద్దు, మూతి కట్ట వైపే పెట్టి ఒక నిమిషం ఆగు, కొన్ని ఆలస్యంగా పేలతాయి. శబ్దం మామూలుగా కాకుండా తుస్సుమని వచ్చిందనుకో, అది ఇంకా ప్రమాదం, గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, ఆ వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. కాల్చిన తూటాల ఖాళీ కేసులు పారేయకు, లెక్క అడుగుతారు.

ఇంత చేసినా పంది మీద కాల్చడానికి నీ తుపాకి లైసెన్స్ ఒక్కటే చాలదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం, పంట నష్టం చేసే జంతువు మీద చర్యకి అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ఉండాల, అటవీ రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టు, ఫోటోలు తీసి పెట్టుకో. కృష్ణ జింకలు శెనక్కాయ తింటున్నాయని దాని మీద గురి పెట్టే ఆలోచనే వద్దు, అది ఆ చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువు, మన రాష్ట్ర జంతువు. చేను చుట్టూ కరెంట్ తీగ మాత్రం ఎవరు చెప్పినా వేయొద్దు, పంది కోసం వేసిన తీగకి మనుషులు పోతున్నారు.

ప్రశ్న: మా తాత కాలం నాటి తూటాల డబ్బా ఒకటి దొరికింది, పెట్టెలో ఉండిపోయింది. కాల్చొచ్చా? (కడప)

జవాబు: వద్దండి. పాత రకం క్యాప్‌ల (తూటా అడుగున మందుకి నిప్పు రాజేసే ముక్క) మసిలో ఉప్పు ఉంటుంది, బ్యారెల్ తుప్పు పట్టేస్తుంది, పైగా ఏది పేలుతుందో ఏది పేలదో తెలీదు. మీ లైసెన్స్‌లో లేని తూటా ఇంట్లో ఉండటమే కేసు. బావిలో వేయడం, కాల్చేయడం చేయకుండా రాతపూర్వకంగా స్టేషన్‌లో అప్పగించండి.

ప్రశ్న: థర్టీ ఓ సిక్స్ రైఫిల్‌కి స్కోప్ పెట్టించా. 150 గ్రెయిన్లు మంచిదా 180 మంచిదా అని ప్రొద్దుటూరులో మా వాళ్ల మధ్య పెద్ద గొడవ. స్కోప్ ఎంత తిప్పినా కుదరట్లేదు.

జవాబు: ఆ గొడవని మీ తుపాకే తీర్చాల. గ్రెయిన్లంటే గుండు బరువు కొలత, 150 అంటే సుమారు 9.7 గ్రాములు, 180 అంటే 11.7, సాధారణంగా ఈ రైఫిళ్లలో బ్యారెల్ లోపలి గాడి 10 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది, రెండింటికీ సరిపోతుంది. తేలికది వేగంగా పోతుంది, బరువుది దెబ్బ గట్టిగా భుజానికిస్తుంది. రెండూ కొన్ని తెచ్చుకుని ఒకే రోజు ఒకే టేబుల్ మీద వేరే వేరే కాగితాల మీద మూడు మూడు కాల్చి, ఏది దగ్గరగా పడిందో దాన్నే పట్టుకోండి, తర్వాత మార్చొద్దు, బరువు మారిస్తే సైట్ మళ్లీ మొదటికి.

స్కోప్ కుదరకపోవడానికి కారణం నాకు తెలుసు అనుకుంటున్నా. మామూలు స్కోప్‌లో ఒక క్లిక్ తిప్పితే 100 మీటర్ల దగ్గర గుండు దాదాపు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. 5 సెంటీమీటర్లు జరగాలంటే అక్కడ 7 క్లిక్‌లు, 50 మీటర్ల దగ్గర 14, 25 దగ్గర 28. దగ్గర్లో కాలుస్తూ నాలుగు క్లిక్‌లు తిప్పి ఏం కదల్లేదంటారు. ముందు తూటా లేకుండా బోల్ట్ తీసేసి, తుపాకి సంచుల మీద కదలకుండా పెట్టి, బ్యారెల్ లోంచి కాగితం మధ్య చుక్క కనబడేలా చూసి, స్కోప్ గీతల్ని అదే చుక్క మీదికి తెచ్చుకుంటే సగం తూటాలు మిగులుతాయి.

టైమ్ కూడా ముఖ్యం. మన కడప ఎండల్లో మధ్యాహ్నం నేల మీద గాలి మరుగుతున్నట్టు కదులుతుంది, స్కోప్‌లో చుక్క ఊగుతుంది, తెల్లవారే పోండి. మూడు కాల్చాక బ్యారెల్ చల్లబడనివ్వండి, చేత్తో పట్టుకుంటే వేడి తెలీకూడదు. తూటాల డబ్బా కారులో ఎండకి వదిలేయొద్దు, మందు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంది, ఇప్పుడు 50 మీటర్ల పాయింట్ 22కి మారుతోంది. ఖరీదైన తూటాలే కొనాలా?

జవాబు: సంతోషం అమ్మా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలేకి కంచు పతకం వచ్చింది ఈ 50 మీటర్ల రైఫిల్‌లోనే. ఇక్కడ 10 పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే, గుండు 5.6, అందుకని తూటా తేడా స్కోర్‌లో కనబడుతుంది. అయినా మొదటి రోజుల్లో ఖరీదైనవి వద్దు, స్టాండర్డ్ వెలాసిటీ రకం చాలు. హై వెలాసిటీ మాత్రం తీసుకోవద్దు, అది ధ్వని వేగం కన్నా ఎక్కువతో బయల్దేరి దారిలో ఆ వేగం కిందికి దిగేటప్పుడు గుండు కొంచెం తడబడుతుంది. అమ్మాయి స్కోర్ ఒక చోట నిలబడ్డాక క్లబ్ ద్వారా రెండు మూడు రకాలు, ఒక్కోటి వేరే వేరే లాట్లు తెప్పించి, రైఫిల్‌ని స్టాండ్‌లో బిగించి పది పది కాల్చి చూడమనండి, ఒకే కంపెనీ ఒకే డబ్బా రంగులో కూడా లాట్‌కీ లాట్‌కీ తేడా వస్తుంది. బాగా పడిన లాట్ దొరికితే పోటీలకి సరిపడా ఆ నంబర్‌వే పక్కన పెట్టించుకోండి.