34 పళ్ళ క్యాసెట్ నా బండికి పడుతుందా అన్నా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది వైజాగ్. నా రోడ్ బైక్‌కి షిమానో 105 ఆర్7000 గేర్ల సెట్ ఉంది, 11 స్పీడ్, అంటే వెనక 11 గేర్లు, ముందు పళ్ళ చక్రాలు 50-34, వెనక క్యాసెట్, అదే పళ్ళ చక్రాల గుత్తి, 11-28 పళ్ళది. మొన్న ఎస్.కోట దగ్గర నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మోకాళ్ళు గోవిందా, సగం దూరం దిగి నడిపించుకుంటూనే పోయా. ఇంకో గొడవేంటంటే 8 వేల కిలోమీటర్లు తిరిగిన చైన్ తీసేసి కొత్తది వేయిస్తే, గట్టిగా తొక్కినప్పుడల్లా టక్కున జారుతోంది, అదీ మధ్యలో రెండు మూడు గేర్లలోనే. షాపతనేమో చైన్ నాలుగు రోజుల్లో సెట్ అయిపోతుందిలే, ఘాట్‌కి 11-34 క్యాసెట్ వేసేయ్, ఏ సైజైనా పడుతుంది అంటున్నాడు. వేయించేయమంటావా?

జవాబు: ఆగు తమ్ముడూ, డబ్బులు కట్టకముందే ఓ పని చెయ్. వెనక డిరైలర్, అదే చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేది, దాని లోపలి పక్క టార్చ్ వేసి చూడు, ఆర్‌డి-ఆర్7000 అని, దాని పక్కనే ఎస్ఎస్ అనో జీఎస్ అనో ఉంటుంది. కేజ్ అంటే డిరైలర్ కింద వేలాడే, చైన్‌ని లాగి పట్టే చెయ్యి. ఎస్ఎస్ అంటే పొట్టి కేజ్, జీఎస్ అంటే దానికంటే పొడుగు కేజ్. 11-28తో వచ్చిన బండి కాబట్టి నీది ఎస్ఎస్ అయ్యుంటుందనే నా అనుమానం.

ఎస్ఎస్ అయితే వెనక పెద్ద చక్రం 30 పళ్ళు దాటకూడదు, మొత్తం కెపాసిటీ 35. ఈ కెపాసిటీ ఏంటంటే చైన్ ఎంత వదులయ్యేదాకా డిరైలర్ దాన్ని లాక్కోగలదు అనే లెక్క. ముందు రెండు చక్రాల తేడా, వెనక పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడా, రెండూ కలుపు. నీకు ముందు 16. వెనక 11-30 వేస్తే 19, మొత్తం 35, అంటే అంచు దాకా వచ్చి ఆగింది, పడుతుంది. 11-34 వేస్తే 16కి 23 కలిపి 39, అది జీఎస్ లెక్క, జీఎస్ 34 దాకా మోస్తుంది. కాబట్టి ఏ సైజైనా పడుతుందన్న మాట పక్కన పెట్టెయ్.

ఇంతకీ 30 చాలా, 34 కావాలా? ముందు చిన్న చక్రం మీద పెట్టి పెడల్ ఒక్క చుట్టు తిప్పితే, 28 మీద బండి సుమారు 2.55 మీటర్లు పోతుంది, 30 మీద 2.38, 34 మీద 2.1. సగం ఘాట్ నడిచినోడికి 30తో వచ్చే ఊరట ఏ మూలకీ రాదు, నన్నడిగితే జీఎస్ డిరైలర్‌తో కలిపి 34కే పో. కాకపోతే ఒకటి పోగొట్టుకుంటావ్. నీ 28లో చిన్న చక్రాలు 11-12-13-14-15 అని ఒక్కో పన్నే పెరుగుతాయి, 34లో 11-13-15-17 అని రెండేసి, బీచ్ రోడ్డులో ఎదురుగాలికి భీమిలి వైపు పోతున్నప్పుడు ఒక గేరు బరువు, ఇంకోటి తేలిక అనిపించి చిరాకేస్తుంది, నాకైతే అలవాటవడానికి నెల పట్టింది.

షిమానో 11-34 కొంటే హెచ్‌జీ700 అని ఉంటుంది, దాన్ని 11 స్పీడ్ రోడ్ హబ్, అదే వెనక చక్రం మధ్య భాగం, దాని మీద ఎక్కించాలంటే క్యాసెట్ వెనక 1.85 మిల్లీమీటర్ల రింగు వేయాలి. నేను ఆ రింగు పనికిరానిదనుకుని డబ్బాలోనే వదిలేసి, క్యాసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్ బిగించా, ఎంత బిగించినా క్యాసెట్ లొడలొడా ఊగుతూనే ఉంది, దారి పొడుగునా గలగల శబ్దం, మళ్ళీ ఇంటికొచ్చి చెత్తబుట్టలో వెతుక్కున్నా.

ఇక జారడం సంగతి. చైన్ సెట్ అవ్వదు. పాత చైన్ అరిగి సాగిపోయింది, నువ్వు ఎక్కువ వాడే మధ్య చక్రాల పళ్ళు దానికి తగ్గట్టే అరిగాయి, ఇప్పుడు కొత్త చైన్ వాటి మీద కుదురుగా కూర్చోలేక ఎగురుతోంది. క్యాసెట్ మారిస్తే పోతుంది, ముందు చక్రాల పళ్ళు కూడా సొరచేప పళ్ళలా వంగాయేమో చూడు. ఇకనుంచి 12 అంగుళాల స్కేలు దగ్గర పెట్టుకో, చైన్‌లో ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే 24వ పిన్ను సరిగ్గా 12 దగ్గర ఉండాలి, ఒకటిన్నర మిల్లీమీటర్ దాటిందంటే 11 స్పీడ్ చైన్ మార్చేయాలి.

చెప్పడానికి బాధగానే ఉంది గానీ, మొన్న వేయించిన చైన్ 28కి సరిపడా కోసి ఉంటారు, 34కి పొట్టవుతుంది. అలాగే తొక్కి పొరపాటున ముందు పెద్దదాని మీదా వెనక పెద్దదాని మీదా చైన్ పడిందా, డిరైలర్ తనని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్‌తో సహా విరిగి చేతికొస్తుంది. ఇంకో కొత్త చైన్ కొని, దాన్ని డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు 50 మీదా వెనక 34 మీదా చుట్టి, కలిసే చోటు నుంచి రెండు లింకులు, అంటే ఒక అంగుళం, ఎక్కువ ఉంచి కోయించు. దగ్గరుండి కోయించు.

ప్రశ్న: 7 స్పీడ్ సైకిల్‌కి క్యాసెట్ కొన్నానండీ, చక్రానికి ఎక్కట్లేదు. – ఖమ్మం పాఠకుడు

జవాబు: మీది క్యాసెట్ కాదు, హబ్‌కి మరతో బిగించే పళ్ళ గుత్తి, అదే ఫ్రీవీల్ అయ్యుంటుందండీ. పళ్ళ చక్రాలు వెనక్కి తిప్పి, టూల్ పెట్టే గాడి వైపు చూడండి. పళ్ళతో పాటు గాడి కూడా తిరిగితే క్యాసెట్, గాడి కదలకుండా ఉంటే ఫ్రీవీల్. ఫ్రీవీలే అయితే కొన్నది వాపస్ ఇచ్చేసి 14-28 ఫ్రీవీల్ అడగండి.