టేపులు కోయడానికి లేజరా, డైయా?

చి. సతీష్‌కు బాబాయి ఆశీస్సులు.

చర్లపల్లిలో షెడ్డు దొరికిందని, లేజర్ మెషిన్‌కు అడ్వాన్సు కట్టేద్దామనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ అడ్వాన్సు కొన్నాళ్లు ఆపు. డెమోలో నీకు కోసి చూపించింది అట్ట, యాక్రిలిక్ షీటు. నువ్వు కోయబోయేది డబుల్ సైడ్ టేపులు, ఫోమ్ గ్యాస్కెట్లు, స్టిక్కర్లు. గమ్ ఉన్న సరుకు సంగతే వేరు.

ముందు వినైల్ మాట, అంటే పీవీసీ ప్లాస్టిక్. పీవీసీ దేన్నీ లేజర్ కిందికి రానివ్వకు. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, తేమ తగిలితే అది యాసిడే. మెషిన్ తుప్పు పడితే బాగు చేయించుకోవచ్చు, పక్కన నిలబడ్డ కుర్రాడి ఊపిరితిత్తుల మాటేమిటి? రోల్ దేనితో చేసిందో సప్లయర్‌ను డేటా షీట్ అడుగు. ఇవ్వనంటే ఆ సరుకు డైకే, అంటే ముక్క ఆకారంలో వంచిన బ్లేడుతో నొక్కి కోసే అచ్చుకే.

ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాడే పాలీఇమైడ్ టేపు, అదే ఆ పసుప్పచ్చ టేపు, దానిదీ ఇదే కథ. కార్బన్ డయాక్సైడ్ లేజర్ తగిలితే అంచు బొగ్గవుతుంది, ఆ బొగ్గులో కరెంటు పారుతుంది. అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ఇదే గుణాన్ని పట్టుకుని గ్రాఫీన్ చేసి చూపించారు, అది కరెంటు బాగా పారే కార్బన్ రకం. వాళ్లకది బాగానే ఉంది గానీ, కరెంటు పారకూడదని టేపు కొనేవాడు నీ సరుకు తిప్పి పంపుతాడు.

కాగితం, పీఈటీ (పాలిస్టర్) ఫిల్ము, పల్చటి టేపులు లేజర్‌కు బాగానే లొంగుతాయి. డ్రాయింగ్ మారితే ఫైలు మార్చుకుంటే చాలు. శాంపిళ్లకు, చిన్న ఆర్డర్లకు దాన్ని మించింది లేదు. కాకపోతే మసి అంటకుండా పైన మాస్కింగ్ ఫిల్ము వేయాలి. మూలల దగ్గర హెడ్ నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ కోత లోతుగా దిగుతుంది. పవర్ సెట్టింగ్ సరిచేయకపోతే ప్రతి మూలా కింది పేపర్‌ను కాలుస్తుంది.

డైకి తలనొప్పి గమ్ములోనే ఉంది. పనసకాయ కోసేటప్పుడు కత్తికి నూనె రాస్తామే, అలా బ్లేడుకు సిలికాన్ ఆయిల్ తుడుస్తారు. తడి కనపడనంత పల్చగా తుడవాలి. ఎక్కువైతే ముక్క అంచులు సరిగ్గా అంటుకోవు, ఆ కంప్లయింట్ సరుకు వెళ్లిన నెలకు వస్తుంది. మందపాటి ఫోమ్ అయితే డై నొక్కుడుకు అణిగి, అంచు నడుము లోపలికి పోతుంది. లేజర్‌లో పెడితే మాడుతుంది, ఒక్కోసారి నిప్పంటుకుంటుంది కూడా. అలాంటి ఆర్డర్ వస్తే ఊగే కత్తి ఉన్న డిజిటల్ కట్టర్ వాళ్లకు జాబ్ వర్క్ ఇచ్చెయ్.

నీ పేరు నిలబెట్టేది హాఫ్ కట్. పైపొర, గమ్ తెగాలి, కింద రిలీజ్ పేపర్, అంటే స్టిక్కర్ ఒలిచాక మిగిలే పేపర్, తెగకూడదు. ఆ పేపర్ మందం 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉంటుంది, పొరపాటుకు చోటెంతో నువ్వే చూసుకో. ముక్క ఒలిచేసి, ఆ చోట మార్కర్ ఇంకు రుద్ది, పేపర్ వెనక్కి తిప్పి చూడు. గీత కనిపించిందంటే కోత పేపర్లోకి దిగినట్టే. ఆ రోల్ లేబుల్ మెషిన్ మీద పుటుక్కున తెగుతుంది. అది ఏ మెషిన్‌తో కోసినా చేయాల్సిన పరీక్షే.

ఇంకో పరీక్ష ఉంది, దాన్ని చాలామంది చేయరు. కోసిన షీట్లు దొంతరగా పేర్చి, పైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలెయ్. మెత్తటి గమ్ అయితే తెల్లారేసరికి కోత గీతలోకి పాకి మళ్లీ అతుక్కుంటుంది. అప్పుడే కోసిన ముక్క చూసి ఓకే చెప్పకు.

నన్నడిగితే ఇప్పుడు లేజర్ కొనొద్దు. శాంపిళ్లు బయట లేజర్ మీద కోయించు, కస్టమర్ సంతకం పెట్టాక స్టీల్ రూల్ డై చేయించు. డ్రాయింగ్ ఖాయం కాకుండా డై చేయిస్తే ఒక్క మిల్లీమీటరు మారినా మళ్లీ కొత్తదే. డై డబ్బులు ఎవరివో పర్చేజ్ ఆర్డర్లోనే రాయించుకో, నోటిమాట వద్దు. రిపీట్ ఆర్డర్లు వస్తూ, డ్రాయింగులు మాత్రం నెలనెలా మారుతుంటే అప్పుడు లేజర్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

నీ దగ్గరున్న టేపుల్లో ఒక్కో రకం రెండేసి మీటర్లు పంపు, డేటా షీట్లతో సహా. బాలానగర్‌లో తెలిసినవాళ్ల దగ్గర రెండు రకాలుగా కోయించి పంపిస్తాను.

మీ బాబాయి