కొజుమెల్‌లో డైవింగ్: తిండి ప్యాకేజీలో కొనాలా, ఊళ్లో తినాలా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా మెక్సికోలోని కొజుమెల్ దీవికి డైవింగ్‌కి వెళ్తున్నాం, 5 రాత్రులు. తిండి, డ్రింక్స్ అన్నీ కలిపిన రిసార్టులో గదికి రోజుకు 320 డాలర్లు. ఊళ్లో చిన్న హోటల్లో పొద్దుటి టిఫిన్‌తో 140. మాకు అక్కడివాళ్లు తినే భోజనం తినాలని ఉంది. కానీ బయట తింటే ఖర్చు చేయి దాటుతుందేమోనని టెన్షన్. మా ఆవిడ గుడ్లు తింటుంది కానీ మాంసం, చేపలు ముట్టదు. డబ్బు ఎలా పట్టుకెళ్లాలి?

జవాబు: ఊళ్లో హోటలే తీసుకోండి. మీ ఇద్దరి విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

ఎందుకంటే మీరు డైవింగ్‌కి వెళ్తున్నారు. పడవ పొద్దున 8, 9 గంటల మధ్య బయల్దేరుతుంది. పలాంకర్ పగడపు దిబ్బ దగ్గరో, సాంతా రోసా గోడ దగ్గరో రెండు ట్యాంకులు, అంటే రెండు డైవ్‌లు, ముగించుకుని ఒడ్డుకొచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. సగం రోజు మీరు రిసార్టులోనే ఉండరు. మర్నాడు మళ్లీ నీళ్లలో దిగాలి కాబట్టి రాత్రి మందు జోలికీ పోరు. అలాంటి ప్యాకేజీ గిట్టుబాటయ్యేది పొద్దున్నుంచీ రాత్రిదాకా కొలను పక్కన, బార్ దగ్గర గడిపేవాళ్లకే. మీరు తినని భోజనానికీ, తాగని గ్లాసుకూ కలిపి డబ్బు కడతారు.

లెక్క చూద్దాం. రెండు గదుల మధ్య తేడా రోజుకు 180, 5 రోజులకు 900 డాలర్లు. బయట తిండికి నేను వేసే లెక్క ఇది: ఇద్దరికీ మధ్యాహ్నం 350 పెసోలు, రాత్రి 900, చిరుతిళ్లూ కూల్‌డ్రింకులూ 150. రోజుకు 1,400 చొప్పున 7,000 పెసోలు. ఒక రాత్రి మంచి రెస్టారెంట్‌కి అదనంగా 1,500 వేసుకుందాం. మొత్తం 8,500. డాలరుకు 18 పెసోలు అనుకుంటే 470 డాలర్ల చిల్లర. కొంచెం ఎక్కువే వేశాను, అయినా 400 డాలర్లకు పైగా మిగులుతున్నాయి.

ఇక ఎక్కడ తినాలన్నది. కొజుమెల్‌లో చెప్పుకోదగ్గ ఊరు ఒక్కటే, సాన్ మిగెల్. సముద్రం ఒడ్డున సాగే రోడ్డు పేరు రఫాయెల్ మెల్గార్. క్రూజ్ ఓడల జనం దిగేది ఆ రోడ్డు మీదకే. అక్కడ మెనూ ఇంగ్లీషులో, ధర డాలర్లలో ఉంటుంది. ఒడ్డు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వీధుల నంబర్లు 5, 10, 15, 20 అని పెరుగుతాయి, ధరలు దిగుతాయి. 20, 25 నంబర్ల దాకా నడిస్తే ఊరి మార్కెట్ వస్తుంది. ఆ చుట్టుపక్కల 'కొసీనా ఎకొనోమికా' అని బోర్డున్న భోజన హోటళ్లు వెతకండి. మన మెస్సుల్లాంటివే. ఆ రోజు వండినవి పలక మీద రాసి పెడతారు. సూపు, అన్నం, బీన్స్, కూర, వేడి వేడి తోర్తియాలు (మొక్కజొన్న రొట్టెలు), పళ్లరసం కలిపి ఒకే ధర. మెక్సికోలో అసలు భోజనం మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్యే. మీ పడవ తిరిగొచ్చే వేళా అదే. ఆకలి మీదుంటారు, తిండి వేడిగా ఉంటుంది, ధర తక్కువ. మూడూ ఒక్కచోట కుదిరే పూట అది. వదులుకోకండి.

బోర్డు మీద $120 అని చూసి గుండె గుభేలుమనక్కర్లేదు. పెసోకి కూడా అదే గుర్తు వాడతారు.

మీ ఆవిడకు ఆ ప్రాంతపు, అంటే యుకతాన్ వంటలో ఒక మంచి వంటకం ఉంది, 'పాపాద్జూలెస్'. ఉడికించిన గుడ్డు ముక్కల్ని తోర్తియాలో చుట్టి, గుమ్మడి గింజలు నూరిన పచ్చటి పులుసు పోస్తారు, పైన కాస్త టమాటా సాస్. నేను తిన్నచోట వడ్డించినావిడ పులుసు పోశాక, గింజల నుంచి దిగిన నూనె నాలుగు చుక్కలు విడిగా పైన వేసింది. పళ్లెం చేతికొస్తూనే నువ్వుల పొడి వేయించినప్పటి కమ్మదనం. అయితే నల్ల బీన్స్ విషయంలో జాగ్రత్త. చాలాచోట్ల పంది కొవ్వుతో వండుతారు, దాన్ని 'మాన్‌తెకా' అంటారు. 'సిన్ కార్నె' అంటే మాంసం లేకుండా, 'సిన్ మాన్‌తెకా' అంటే ఆ కొవ్వు లేకుండా. ఈ రెండు మాటలూ ఆమెకు నేర్పండి. సూపు ఏ మాంసం ఉడికించిన నీళ్లతో చేశారో కూడా అడగాలి. తాగడానికి ఎర్రటి 'హమైకా' నీళ్లు అడగండి. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్క కాయల పైపొర ఎండబెట్టి చేసేది, ఆ పులుపు నోటికి వెంటనే తెలిసిపోతుంది. హబనేరో మిరపకాయల పచ్చడి మాత్రం గుంటూరు కారం తిన్నవాళ్లమని ధీమాగా వేసుకోకండి. చుక్క వేసి చూడండి.

డబ్బు దగ్గరికొద్దాం. డాలర్లు అక్కడ చాలామంది తీసుకుంటారు, రేటు మాత్రం వాళ్లు చెప్పిందే. బ్యాంకులో 18 ఉన్న రోజున షాపువాడు 15 లెక్కన తీసుకుంటే, 900 పెసోల భోజనానికి 50 డాలర్లకు బదులు 60 ఇస్తారు. ప్రతి పూటా ఇలా జారిపోతే మన లెక్క తలకిందులవుతుంది. అందుకే దిగగానే బ్యాంకుకి ఆనుకుని ఉన్న ఏటీఎంలో 6,000 పెసోలు ఒక్కసారే తీయండి. ప్రతి విత్‌డ్రాకీ ఫీజు ఉంటుంది కాబట్టి రోజూ కొంచెం కొంచెం తీయొద్దు. మెస్సులు, టాకో బండ్లు, టాక్సీలు నగదే అడుగుతాయి. టాక్సీ ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి.

కార్డు పెద్ద రెస్టారెంట్లకు ఉంచండి, విదేశీ లావాదేవీ ఫీజు లేనిది. కొన్ని కార్డులు 3 శాతం దాకా కోస్తాయి. ఇంకొకటి: మెషీన్ మీద 'డాలర్లలో కడతారా, పెసోల్లోనా' అని వస్తుంది. ఎప్పుడూ పెసోలే నొక్కండి. నేను ఒకసారి అలసటలో డాలర్లు నొక్కాను. రసీదు మీద వాళ్లు వేసిన రేటు చదివేసరికి లావాదేవీ అయిపోయింది. ఏటీఎం కూడా 'ఈ రేటుకు మారుస్తాం, ఒప్పుకుంటారా' అని అడుగుతుంది. వద్దనండి, డబ్బు వస్తుంది, మార్పిడి మీ బ్యాంకు చేస్తుంది. టిప్పు 10 నుంచి 15 శాతం. బిల్లులో 'ప్రొపీనా' లేదా 'సెర్విసియో' అని ముందే కలిపారేమో చూసి ఇవ్వండి.

మిగిలిన 400 డాలర్లలో మొదటి ఖర్చు డైవింగ్ ఇన్సూరెన్స్. అమెరికాలోని చాలా హెల్త్ ప్లాన్లు దేశం దాటితే సరిగా ఆదుకోవు. నీళ్లలోంచి పైకొచ్చాక ఒంట్లో నైట్రోజన్ బుడగలు కడితే ప్రెషర్ చాంబర్‌లో చికిత్స చేయాలి. చాంబర్ దీవిలోనే ఉంది, బిల్లు మాత్రం మామూలుగా ఉండదు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ లాంటి సంస్థల పాలసీ ఇలాంటివాటికే. తర్వాత పడవ సిబ్బందికి టిప్పు, మెరైన్ పార్కు ఫీజు. ఈ మూడింట్లో దేన్నీ తగ్గించొద్దు.

కడుపు పాడైతే కూడా డబ్బు నష్టమే. రెండు ట్యాంకుల డైవ్‌కి మనిషికి దాదాపు 100 డాలర్లో, ఇంకా పైనో ముందే కట్టి ఉంటారు. డైవ్ ఉన్న రోజుల్లో జనం రద్దీగా ఉన్నచోట, మీ కళ్లముందు పెనం మీంచి తీసినదే తినండి. మీరు పచ్చి చేప 'సెవిచె' రుచి చూడాలనుకుంటే ఆఖరి డైవ్ అయ్యాకే.

వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. అంటే మీకు ఎలాగూ డైవ్ లేని ఖాళీ రోజు ఒకటి ఉంటుంది, దాన్ని తిండికి ఇవ్వండి. అరిటాకులో చుట్టి, జాఫ్రా గింజల ముద్దా పుల్ల నారింజ రసమూ పట్టించి వండే పంది మాంసం, 'కొచినీతా పిబిల్', అక్కడ పొద్దుటి తిండి. మిగతా రోజుల్లో అది అమ్మే వేళకు మీరు పడవెక్కేస్తారు. ఆ రోజు టిఫిన్ హోటల్లో మానేసి 8 గంటలకల్లా మార్కెట్‌కి వెళ్లండి, గులాబీ రంగు ఉల్లిపాయ ఊరగాయతో తినండి. మీ ఆవిడకు ఆ పక్కనే గుడ్లు వేయించి ఇస్తారు. సాయంత్రం ఊరి మధ్య పార్కు దగ్గర మార్కెసీతా బండి కోసం చూడండి. పల్చటి అట్టు కరకరలాడేలా కాల్చి, లోపల ఈడమ్ చీజ్ తురుము వేసి గొట్టంలా చుట్టిస్తారు, అది ఇద్దరూ తినొచ్చు. జేబులో మిగిలిన పెసో నాణేలన్నీ అక్కడే ఖర్చు పెట్టేయండి, డల్లాస్‌లో వాటిని మార్చేవాళ్లు దొరకరు.