చిలుక మందు: నీళ్లలో కలపడమా, నోట్లో వేయడమా?

ప్రశ్న: మా ఇంట్లో రెండేళ్లుగా ఒక కాకటీల్ చిలుకను పెంచుకుంటున్నాము. కొన్నాళ్లుగా అది ఈకలు ఉబ్బించుకుని ఒకే కర్ర మీద కూర్చుంటోంది, రెట్టలో తెల్లగా ఉండవలసిన భాగం పచ్చగా వస్తోంది. పశువైద్యుడు పరీక్షించి, క్లామిడియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు కావచ్చునని చెప్పి, డాక్సీసైక్లిన్ ద్రవాన్ని పూటకు 0.1 మిల్లీలీటరు చొప్పున 45 రోజులు నోట్లో వేయమన్నారు. పట్టుకోబోతే కరుస్తోంది, వేసిన మందులో సగం గడ్డం మీదుగా కారిపోతోంది. నీళ్లగిన్నెలో కలిపి పెడితే సరిపోతుందా? అన్ని రోజులూ వాడక తప్పదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నీళ్లలో కలపవద్దండి. కాకటీల్ ఆస్ట్రేలియా లోపలి పొడి నేలల్లో పుట్టి పెరిగిన జాతి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే అది రోజుకు కొద్ది మిల్లీలీటర్ల నీళ్లతో సరిపెట్టుకుంటుంది, జబ్బు చేస్తే ఇంకా తక్కువ తాగుతుంది, ఆ నీళ్లు చేదుగా ఉంటే గిన్నె వైపు పోవడమే మానేస్తుంది. అప్పుడు మందు అందకపోగా ఒంట్లో నీరు కూడా తగ్గిపోతుంది. పైగా డాక్సీసైక్లిన్ వెలుతురుకు చెడిపోతుంది, బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి ఒంటికి పట్టని పదార్థంగా మారుతుంది. పదుల సంఖ్యలో పక్షులున్న చోట వైద్యులు లెక్క కట్టి నీళ్లలో మందు ఇప్పించడం ఉంది కానీ, ఒక్క చిలుకకు, అదీ కొలిచి రాసిచ్చిన మందుకు, ఆ పద్ధతి పనికిరాదు. సాయంత్రం గిన్నెలో మిగిలిన నీళ్లను చూసి ఎంత మందు లోపలికి పోయిందో మీరు చెప్పలేరు.

ముందు సిరంజి సంగతి చూడండి, ఎందుకంటే చాలా ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మందుల దుకాణంలో సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజి కావాలని అడిగితే కొందరు ఇన్సులిన్ సిరంజి ఇస్తారు. దాని మీద ఉండే గీతలు మిల్లీలీటర్లు కావు, యూనిట్లు. 40 యూనిట్ల సిరంజిలో 0.1 మిల్లీలీటరు అంటే నాలుగు యూనిట్లు, 100 యూనిట్ల సిరంజిలో పది యూనిట్లు. ఈ రెండింటినీ తారుమారు చేస్తే తొంభై గ్రాముల పక్షికి రెండింతలకు పైగా మందు పడవచ్చు, లేదా సగం కూడా పడకపోవచ్చు. అందువల్ల వందో వంతు మిల్లీలీటరు దాకా గీతలున్న మామూలు సిరంజినే అడిగి తీసుకోండి, సూది తీసి పారేయండి, మొదటిసారి నింపినప్పుడు డాక్టరుకు చూపించి గీత సరిచూసుకోండి. ద్రవంలో మందు అడుగుకు దిగి ఉంటుంది కాబట్టి సీసాను ప్రతిసారీ బాగా కుదపాలి.

ఇక పట్టుకునే పద్ధతి. పక్షికి మనకున్నట్టు ఛాతీకీ పొట్టకూ మధ్య ఊపిరి ఆడించే కండరపు తెర ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కీ కదిలితేనే దానికి గాలి అందుతుంది. కాబట్టి గుప్పిట్లో బిగించి పట్టుకుంటే, మీరు మెల్లగానే పట్టుకున్నామనుకున్నా, దానికి ఊపిరి ఆడదు. చిన్న మెత్తటి తువ్వాలును వెనుక నుంచి కప్పి, రెక్కలు ఒంటికి ఆనుకునేలా చుట్టి, బొటనవేలు, చూపుడువేలు దవడల రెండు పక్కలా ఉంచి తలను కదలనివ్వకుండా ఆపాలి. రొమ్ము మీద మాత్రం వేళ్లు ఆనకూడదు. ఇద్దరుంటే పని సులువు, ఒకరు పట్టుకుంటే మరొకరు మందు వేయవచ్చు. గది తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి మొదలుపెట్టండి.

పక్షిని నిటారుగా ఉంచండి, తల వెనక్కి వంచవద్దు. నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది, తిండి దిగే గొట్టం మెడకు కుడి వైపుగా పోతుంది. అందుకే సిరంజి కొసను ముక్కుకు ఎడమ పక్క నుంచి, అంటే పక్షి ఎడమ వైపు నుంచి పెట్టి, దాని కుడి వైపుకు గురిచేసి ఒక్కొక్క చుక్కే వదలాలి, మింగిన తరువాతే మరొక చుక్క. ఎదురుగా నోటి మధ్యలోకి చిమ్మిన మందు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అసలు జబ్బు కంటే అదే ముందు ప్రాణం మీదికి తెస్తుంది. దగ్గినా, ముక్కు రంధ్రాల్లో బుడగలు వచ్చినా, నోరు తెరిచి రొప్పినా వెంటనే ఆపి పంజరంలో వదిలేయండి. గడ్డం మీదుగా కారిపోతోందన్నారు కదా, అది సాధారణంగా మనం తొందరపడి ఒక్కసారే వేయడం వల్ల జరుగుతుంది.

కరిచే చిలుకను రోజుకు రెండుసార్లు తువ్వాలులో చుట్టడం మీకూ దానికీ శిక్షే. తినే ఓపిక ఉన్న పక్షికి ఒక ఉపాయం ఉంది. మందు లేని వేళల్లో అదే రకం సిరంజిలో కొంచెం ఆపిల్ రసం తీసుకుని పంజరం ఊచల మధ్య నుంచి అందించండి. చాలా కాకటీళ్లు కొన్నాళ్లకే సిరంజి కొసను తామే వచ్చి నాకుతాయి. డాక్టరు ఒప్పుకుంటే మందును మెత్తగా నలిపిన చిలగడదుంపలో, బఠాణీ గింజంత ముద్ద చేసి పెట్టవచ్చు, అయితే ఆ ముద్ద మొత్తం మీ కళ్ల ముందే తినాలి. పాలు, పెరుగు అసలు కలపవద్దు. పాలలోని చక్కెర పక్షులకు అరగదు, అందులోని కాల్షియం ఈ మందుకు అడ్డు. కాల్షియం కోసం పంజరంలో వేలాడదీసే సముద్రజీవి పెంకు, అంటే కటిల్ బోన్‌ను, ఖనిజపు దిమ్మను కూడా మందు ముగిసేదాకా తీసేయడం గురించి డాక్టరును అడగండి.

45 రోజులు తప్పదు. ఈ సూక్ష్మజీవి కణాల లోపల దాక్కుని ఉంటుంది, పెరిగే దశలో ఉన్నప్పుడే మందుకు లొంగుతుంది. కొద్ది రోజుల్లోనే చిలుక ఈలలు వేయడం మొదలుపెట్టి కొర్రల గిన్నె మీద పడవచ్చు. దాన్ని చూసి మానేసిన ఇళ్లలోనే జబ్బు తిరగబెడుతుంది. ఒక పూట మరిచిపోతే తరువాతి పూట రెండింతలు వేయవద్దు. మందు కక్కేస్తే మళ్లీ వేయాలో వద్దో ఫోనులో డాక్టరునే అడగండి.

ఇది మనుషులకు కూడా అంటుకునే జబ్బు. ఎండిన రెట్ట దుమ్ముగా లేచి ఊపిరిలోకి పోతే జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు, ఒక్కోసారి న్యుమోనియా వస్తాయి. పంజరం అడుగు కాగితాన్ని తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి, పొడిగా ఊడ్చవద్దు. ఇంట్లో ముసలివారు, గర్భిణులు ఉంటే ఈ పని వారికి అప్పగించవద్దు. ఎవరికైనా జ్వరం వస్తే, ఇంట్లో జబ్బుపడిన చిలుక ఉందని వైద్యుడికి మీరే చెప్పాలి, ఆయన అడిగే అవకాశం తక్కువ.

ఒక గ్రాము దాకా చూపే వంటింటి ఎలక్ట్రానిక్ తూకం మీద ప్రతి ఉదయం మేతకు ముందు చిలుకను తూచి రాసిపెట్టండి. ఈకలు ఉబ్బించుకున్న పక్షి బొద్దుగానే కనిపిస్తుంది, బరువు తగ్గింది కంటికి తెలియదు. తొంభై గ్రాములది ఎనభై ఒకటికి పడిందంటే పదో వంతు పోయినట్టే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. జబ్బు పక్షికి 29 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం మేలు చేస్తుంది; పంజరం బయట ఒక పక్కన మాత్రమే బల్బు పెడితే వేడెక్కినప్పుడు అదే రెండో పక్కకు జరుగుతుంది. మీ ఊళ్లో మే నెలలో ఆ బల్బు అవసరమే రాదనుకోండి.

ప్రశ్న: లవ్ బర్డ్స్ అని కొన్న బడ్జీల్లో ఒకటి నీరసంగా ఉంది. దుకాణం వారు కోళ్లకు వాడే టెట్రాసైక్లిన్ పొడి ఇచ్చారు. అది వాడనా, మనం వేసుకునే మాత్రలో చిన్న ముక్క నూరి వేయనా? మా అమ్మమ్మ గారు వెల్లుల్లి రసం పోయమంటున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మూడూ వద్దు. బడ్జీ బరువు ముప్ఫై నుంచి నలభై గ్రాములు. 500 మిల్లీగ్రాముల మాత్రను అంత ప్రాణికి సరిపడేలా ముక్కలు చేయడం ఎవరి చేతికీ సాధ్యం కాదు. కోళ్ల పొడి మీద రాసిన కొలత కోడి తాగే నీళ్లను లెక్కలోకి తీసుకుని రాసింది. ఉల్లి జాతి పక్షుల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, వెల్లుల్లి కూడా ఆ కుటుంబమే. అమ్మమ్మ గారికి ఈ మాట మెల్లగా చెప్పండి. పైగా మీ పక్షికి ఏ జబ్బో ఇంకా తెలియదు. పురుగులున్నా, బూజు పట్టినా ఆ పొడి ఏమీ చేయదు, బూజైతే ఇంకా పెరగవచ్చు.

దాన్ని మిగతా వాటి నుంచి వేరు చేసి మామునూరు పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లండి. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో తువ్వాలు పరిచి పెట్టండి, ఆ ఉదయం రెట్ట పడిన కాగితాన్ని, ఇప్పటికే ఏదైనా పొడి వేసి ఉంటే దాని పొట్లాన్ని వెంట ఉంచుకోండి. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు తిరుపతి, గన్నవరం కళాశాలలు, హైదరాబాదు వారికి రాజేంద్రనగర్ కళాశాల ఉన్నాయి.

ప్రశ్న: మా ఇంట్లో చిన్నప్పటి నుంచి పెరిగిన రామచిలుక మేత మానేసింది. ఆసుపత్రికి తీసుకువెళ్తే కేసు పెడతారని భయంగా ఉంది. ఇంట్లోనే ఏదైనా మందు చెప్పగలరా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చూడని పక్షికి మందు చెప్పలేను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో పెంచడం నేరం. 2022 సవరణ తరువాత అది ఆ చట్టంలోని రక్షిత జీవుల జాబితాల్లో ఒకటైన రెండో షెడ్యూలులో ఉంది. అయినా మేత మానేసిన చిలుకకు గంటలే మిగిలి ఉంటాయి, వారాలు కాదు. ఈ రోజే పశువైద్యుడికి చూపించండి, మీ ప్రాంతపు అటవీ శాఖ కార్యాలయానికి మీరే ఫోను చేసి పక్షిని అప్పగిస్తామని చెప్పండి. బయట ఎగరడం తెలియని చిలుకను, అందులోనూ జబ్బుగా ఉన్నదాన్ని, చట్టానికి భయపడి మేడ మీద నుంచి వదిలేయడం మాత్రం చేయవద్దు.