హారతికి రాకపోతే ఏసీఆర్‌లో చూస్తారట!

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. కొత్తగా వచ్చిన ఆఫీసరు ప్రతి శుక్రవారం తన చాంబర్‌లో పూజ చేయించి, స్టాఫంతా హారతికి రావాలంటున్నారు. దసరా ఆయుధపూజకు తలా 500 వసూలు చేస్తున్నారు. నేను క్రైస్తవురాలిని. రెండుసార్లు వెళ్లకపోయేసరికి "నీ సంగతి ఏసీఆర్‌లో (పనితీరుపై ఏటా పై అధికారి రాసే రహస్య నివేదిక) చూస్తా" అన్నారు. నా టేబుల్ మీదున్న బైబిల్ వాక్యం కూడా తీసేయించారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, దేవుణ్ని కొలుచుకోవడం ఆయన హక్కే. రమ్మని పిలవడం కూడా తప్పు కాదు. రాకపోతే చూస్తాననడం తప్పు. రాజ్యాంగంలోని 25వ అధికరణ ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛ మీకూ ఉంది. కేరళలో ముగ్గురు పిల్లలు జనగణమన వేళ గౌరవంగా నిలబడ్డారు గానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి నుంచి తీసేస్తే 1986లో సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. జాతీయగీతానికే లేని బలవంతం ఆఫీసు హారతికి ఎక్కడిది?

అలాగని ఆయుధపూజే ఆపించాలని కోర్టుకెళ్లకండి. గుజరాత్ హైకోర్టు కొత్త భవనానికి జరిగిన భూమిపూజను సవాలు చేస్తే, అదే కోర్టు 2011లో పిటిషన్ కొట్టేసి 20 వేలు ఖర్చులు కూడా వేసింది. జీపు చక్రాల కింద నిమ్మకాయలు పెడితే సెక్యులరిజం నలిగిపోయిందని మన కోర్టులు అనవు.

చందా సంగతి వేరు. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ప్రభుత్వోద్యోగి చందాలు వసూలు చేయకూడదు. మీకున్న గట్టి పాయింటు ఇదే. డబ్బులిమ్మని వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. పూజ ఖర్చు ఆఫీసు డబ్బులోంచి వెళ్తోందని అనుమానముంటే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇక బైబిల్ వాక్యం. సర్టిఫికెట్ కోసం వచ్చినవాడికి కౌంటర్ దగ్గర ఏ మతం గుర్తూ కనిపించకూడదంటే, అది సబబైన ఆంక్షే. కానీ అదే ఆంక్ష చాంబర్ గోడ మీది పటాలకూ వర్తించాలి. మీకొక్కరికే అంటే 14వ అధికరణ చెప్పిన సమానత్వానికి విరుద్ధం.

ముందు ఆయనకే ఒక పేజీ లెటర్ మర్యాదగా రాసి, ఇన్‌వర్డ్‌లో (ఆఫీసుకు వచ్చే కాగితాలు నమోదు చేసే చోట) ఇచ్చి ముద్ర, నంబరు వేయించుకోండి. ఆయన మతం గురించి ఒక్క మాట రాయకండి, తేదీలూ అన్న మాటలూ చాలు. మారకపోతే ఆ కాపీ జతచేసి కలెక్టర్‌కు ఇవ్వండి. శుక్రవారం హారతి వేళకు మాత్రం మీ సీట్లో ఫైలు ముందే ఉండండి. సీట్లో లేరన్న సాకు దొరకనివ్వొద్దు.